ప్రవాసమా, బహిష్కరణా?

సందేహం: ఫ్రెంచి తత్త్వవేత్త వోల్టేర్ ఇంగ్లండులో గడిపిన కాలాన్ని ఒక వ్యాసంలో ‘దేశ బహిష్కరణ’ అన్నారు, మరొక వ్యాసంలో ‘ప్రవాసం’ అన్నారు. మా మిత్రుడు ‘అజ్ఞాతవాసం’ అనవచ్చంటున్నారు. ప్రవాసి అంటే విదేశంలో ఉద్యోగం చేసేవారే కదా! వీటిలో ఏది సరైనది?

సమాధానం: మీ చివరి మాటతో మొదలుపెడతాను. ప్రవాసి అంటే విదేశంలో సంపాదించుకునేవాడన్న అర్థం నిన్నమొన్నటిది. ‘ప్రవాస భారతీయులు’ అన్న ప్రభుత్వ పరిభాష పత్రికలకెక్కాక ఇంత పాత మాటను తీసుకుపోయి పాస్‌పోర్టుకు కట్టేశాం. ఇది నాకు బొత్తిగా నచ్చదు.

‘వస్’ ధాతువుకు ఉండడం అని అర్థం. నివాసం, సహవాసం, ఉపవాసం, వసతి అన్నీ దాని సంతానమే. ‘ప్ర’ చేరితే ఇల్లు విడిచి దూరాన ఉండడం. అందుకు పొలిమేర దాటితే చాలు, సముద్రం దాటనక్కరలేదు. ఇదే ధాతువుకు ‘ఉషితం’ అని మరో రూపముంది. రాత్రి గడిచిన అన్నం పర్యుషితాన్నం, అంటే మన చద్దన్నం. ప్ర, ఉషిత కలిస్తే ప్రోషిత. మగడు దూరదేశం వెళ్ళగా ఎదురుచూసే నాయిక ప్రోషితభర్తృక. ఆలంకారికులు విప్రలంభ శృంగారంలో, అంటే ఎడబాటు శృంగారంలో, ప్రవాసాన్ని ఒక భేదంగా చెప్పారు. ఈ మాటకు ఎడబాటుతో ఉన్న చుట్టరికం డబ్బుతో లేదు. ఇక ప్రేరణార్థంలో, అంటే మరొకరిచేత చేయించే అర్థంలో, ‘ప్రవాసనం’ అంటే వెళ్ళగొట్టడం. అమరకోశ కర్త అమరసింహుడు దాన్ని వధకు పర్యాయపదాల్లోనూ చేర్చాడు.

వోల్టేర్ విషయంలో వెళ్ళడం, వెళ్ళగొట్టడం రెండూ పెనవేసుకున్నాయి. 1726లో రోహాన్ అనే ప్రభువంశీయుడితో ఆయనకు మాటామాటా పెరిగింది. ఆ ప్రభువు నౌకర్లచేత, కవి కూడా అయిన వోల్టేర్‌ను వీధిలో కొట్టించాడు. తన్నులు తిన్న కవి ద్వంద్వయుద్ధానికి సిద్ధపడితే బాస్టీల్ చెరలో పెట్టింది కూడా కవినే! ఇంగ్లండు వెళ్ళిపోతానని ఆయనే విన్నవించుకున్నాక, మే నెలలో ఫ్రాన్సు తీరంలోని ‘కాలే’ రేవుదాకా కాపలా మనిషిని తోడిచ్చి సాగనంపారు. గెంటివేతా ఉంది, కోరికా ఉంది.

అజ్ఞాతవాసం మాత్రం కుదరదు. పాండవులు విరాటుని కొలువులో పేర్లు మార్చుకుని దాగారు. వోల్టేర్ లండన్ శివారు వాండ్స్‌వర్త్‌లో ఫాక్నర్ అనే వర్తకుడి ఇంట దిగి పోప్, స్విఫ్ట్, కాంగ్రీవ్ అనే ఇంగ్లీషు రచయితలను కలిశాడు. 1727లో న్యూటన్‌కు రాజులకు చేసినట్టు అంత్యక్రియలు జరగడం గమనించి, ఆ గౌరవాన్ని గ్రంథస్థం చేశాడు. 1728లో తన ‘హెన్రియాడ్’ కావ్యాన్ని చందాలు పోగుచేసి అచ్చువేయించి రాణి కరోలిన్‌కు అంకితమిచ్చాడు. ఇందులో దాపరికమెక్కడ? 1726 వేసవిలో రోహాన్‌ను వెతుక్కుంటూ గుట్టుగా పారిస్ వెళ్ళొచ్చిన కొద్ది రోజులకు కావలిస్తే ఆ మాట వాడమనండి.

పరాయి కొలువులో కవి పడే పాట్లకు శ్రీనాథుణ్ణి మించిన సాక్షి నాకు కనబడడు.

కుల్లాయుంచితి, కోక చుట్టితి, మహాకూర్పాసముం దొడ్గితిన్
వెల్లుల్లిం దిలపిష్టమున్ మెసవితిన్...

కన్నడరాజ్యలక్ష్మికి ఆయన చేసుకున్న మొర ఇది. టోపీ పెట్టాడు, అంగీ తొడిగాడు, అలవాటులేని తిండి తిన్నాడు. చివరికి ‘దయలేదా, నేను శ్రీనాథుడన్’ అన్నాడు. వేషం, భోజనం అన్నీ మార్చుకున్నా పేరు మాత్రం వదలని ఆ ఒక్క ముక్కలో ప్రవాసమంతా ఉంది. ఈ పద్యం తెలియకుండా ‘ప్రవాస సాహిత్యం’ మీద వ్యాసాలు రాసేవారిని చూస్తే బాధ కలుగుతుంది. వోల్టేర్ మార్చుకున్నది భాషను. డ్రూరీలేన్ నాటకశాలలో ఆ రాత్రి ఆడే నాటకం ప్రతిని అడిగి తీసుకుని, వాద్యకారుల దగ్గర కూర్చుని, నటుల ఉచ్చారణను అక్షరాలతో పోల్చుకునేవాడట. 1727కల్లా మహాకావ్యాల మీద ఇంగ్లీషులోనే వ్యాసం వెలువరించాడు.

అందుచేత ‘ప్రవాసం’ నిక్షేపంగా చెల్లుతుంది. పంపినవారి చర్యను చెప్పదలిస్తే ‘బహిష్కరణ’ అన్నా నేను పూర్తిగా కాదనను, కాని ఆ రెండున్నరేళ్ళ బతుకుకు ఆ పేరు పెట్టడానికి మనసొప్పదు. ‘వలస’ గుంపుగా తరలేవారికి నప్పుతుంది. మరొకటి: ఇంగ్లండు మీద రాసిన లేఖల పుస్తకాన్ని 1734లో పారిస్‌లో తగలబెట్టినప్పుడు వోల్టేర్ సిరే గ్రామంలో తలదాచుకున్నాడు. అది ఫ్రాన్సులోనిదే అయినా, నా లెక్కన అదీ ప్రవాసమే.