జనరల్ గారి నల్లకళ్ళద్దాలు

అమలాపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నీ నవల 60 పేజీలూ అందాయి. ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాదు గనక జెరాక్సు షాపు కుర్రాడి చేత ప్రింటు తీయించుకున్నాను. ఒకసారి నవల చదివినట్టు చదివాను, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని చదివాను. బడి వదిలినా ఎర్రపెన్ను వదల్లేదు, ఏమనుకోకు.

కరీబియన్ ఒడ్డున సాన్ కొరాల్ అని ఓ బుల్లి దేశాన్ని కల్పించావు. అందులో నల్లకళ్ళద్దాల జనరల్, నోట్లో చుట్ట, రాత్రికి రాత్రి తిరుగుబాటు, మధ్యలో హ్యూస్టన్ నుంచి కంపెనీ పనిమీద వెళ్ళి ఇరుక్కుపోయిన మన తెలుగు ఇంజనీరు. చదివించావు, కాదనను. 40వ పేజీ దాకా కాఫీ చల్లారిన సంగతే చూసుకోలేదు. అక్కడ మాత్రం ఓ అనుమానం పట్టుకుంది. ఇంతకీ ఈ దేశం ఏం అమ్ముకుని బతుకుతోంది?

వెనక్కి తిప్పి వెతికాను. ఓడరేవుంది, ఓడలున్నాయి, వాటిలోకి ఏం ఎక్కిస్తున్నారో లేదు. జనరల్ దగ్గర బోలెడు డబ్బుంది, ఎక్కణ్ణించి వచ్చిందో లేదు. "కల్పిత దేశమే కదా మాస్టారూ, అన్నీ చెప్పాలా" అంటావేమో. ఇరవై ఆరేళ్ళ వయసులో నేనూ సరిగ్గా ఆ మాటే అన్నాను. ఒక వారపత్రికలో నా కథ పడింది, ఊహాదేశం కథ. పడిన పది రోజులకి ఓ రైతు కార్డు రాశాడు: "మీ దేశంలో తొలకరి వరినాట్లూ మామిడిపూతా ఒకే నెలలో ఎలా వచ్చాయండీ?" అది వేరే దేశం కదండీ అని గడుసుగా జవాబిచ్చాను. మళ్ళీ కార్డొచ్చింది. "దేశం వేరైనా వరి వరే కదండీ." ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

అసలు పేరెందుకు దాచావు? ముందు దీనికి జవాబు చెప్పుకో. నాకైతే కాదులే, నీకు నువ్వే. గొడవలెందుకని దాచేవాళ్ళున్నారు. హాలీవుడ్ వాళ్ళ వాల్ వెర్దే అలాంటిదే. 1985లో 'కమాండో'లో కనబడిన ఆ దేశమే 1990లో 'డై హార్డ్ 2'లో మళ్ళీ తేలింది. ఏ రాయబారికీ కోపం రాదు, ఏ సెట్టయినా వేసుకోవచ్చు. అసలు పేరు పెట్టేస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2017లో ఒక వీడియో గేము బొలీవియాని మాదకద్రవ్యాల ముఠా ఏలుతున్నట్టు చూపిస్తే, బొలీవియా ప్రభుత్వం ఫ్రెంచి రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేసింది. గేము చేసింది ఫ్రెంచి కంపెనీ మరి.

ఇంకో రకం దాపరికం ఉంది. గుర్తుపట్టాలనే దాచడం. బొలీవియా, పరాగ్వే 1932 నుంచి 1935 దాకా గ్రాన్ చాకో అనే ఎండు నేల కోసం కొట్టుకున్నాయి, అక్కడ చమురుందని ఆశ. ఆ నెత్తురు ఆరకముందే, బెల్జియం చిత్రకారుడు ఎర్జే గీసిన టిన్‌టిన్ బొమ్మల కథలో శాన్ తియోడోరోస్, న్యూవో రికో అనే రెండు దేశాలు 'గ్రాన్ చాపో' కోసం కొట్టుకున్నాయి. ఒక్క అక్షరం మార్చాడంతే. రెండు పక్షాలకీ ఫిరంగులమ్మిన బాసిల్ బజారోవ్‌ని చూసి, అప్పట్లో పేపరు చదివే ప్రతివాడూ ఆయుధాల వ్యాపారి బాసిల్ జహరోఫ్‌ని గుర్తుపట్టాడు. పిల్లల పుస్తకమని తీసిపారెయ్యకు. ఆ యుద్ధం వల్ల ఎవడికి లాభమో అందులో స్పష్టంగా ఉంది. నీ 60 పేజీల్లో అది లేదు.

సరే, అరటిపండు దగ్గరికొద్దాం.

నువ్వుండే హ్యూస్టన్‌లోనే ఓ పత్రికలో పనిచేసిన విలియం సిడ్నీ పోర్టర్ అనే ఆయన, బ్యాంకు సొమ్ము కాజేశాడన్న కేసులో విచారణకి 1896లో ఆస్టిన్ వెళ్ళాల్సి ఉండగా, దారిలో రైలు మారి న్యూ ఆర్లియన్స్ చేరాడు, అక్కణ్ణించి హోండురాస్ పారిపోయాడు. నేరస్తుల్ని పట్టి అప్పగించే ఒప్పందం అప్పటికి ఆ రెండు దేశాల మధ్య లేదు. భార్య చావుబతుకుల్లో ఉందని తెలిసి 1897లో తిరిగొచ్చాడు, జైలుకెళ్ళాడు, బయటికొచ్చేసరికి ఓ. హెన్రీ అయ్యాడు. హోండురాస్‌లో చూసిందంతా కలిపి ఆంచూరియా అనే దేశం చేసి 1904లో 'క్యాబేజెస్ అండ్ కింగ్స్' వేశాడు. 'బనానా రిపబ్లిక్' అన్న మాట పుట్టింది ఆ పుస్తకంలోనే. ఇవాళ టీవీ చర్చల్లో ఎవడికి కోపమొచ్చినా వాడే తిట్టు, పట్టుబడతానని భయపడి దాక్కున్న మనిషి కలంలోంచి వచ్చింది. ఆశ్రయమిచ్చిన దేశానికి ఆయన ఇచ్చిపోయిన కానుక అది. నాకు ఓ. హెన్రీ అంటే ఇష్టమే, అయినా ఈ లెక్క ఆయన పద్దులో రాయకుండా ఉండలేను.

ఆంచూరియాలో వెసూవియస్ పండ్ల కంపెనీ ఉంది, కాన్సులున్నాడు, పారిపోయొచ్చిన అధ్యక్షుడున్నాడు. గెల కోసేవాడికి మాత్రం నోరు లేదు. నీ అవకాశం అక్కడుంది. ఆయన అరటిపండు తిన్నవాడు. నువ్వు అరటితోటల మధ్య పెరిగినవాడివి. రావులపాలెం మార్కెట్టు రోడ్డు నీకు నేను చెప్పాలా? సైకిలుకి ఇటూ అటూ గెలలు కట్టుకుని, ఎక్కి తొక్కడానికి చోటు లేక పక్కన నడుస్తూ నెట్టుకొచ్చే మనిషిని చిన్నప్పటి నుంచీ చూశావు. గెల కింద పెట్టేటప్పుడు ఆకు పరుస్తాడు, ఎందుకో నీకు తెలుసు. కొన్నవాడు గెలని చూడకుండా ముందు రైతు మొహం చూస్తాడు, అదీ తెలుసు. మధ్య అమెరికా రేవుల్లో పండ్ల కంపెనీ మనిషి నిలబడి గెలకి అత్తాలు, అంటే పండ్ల గుత్తులు, లెక్కపెట్టేవాడు. తొమ్మిది అత్తాలుంటేనే నిండు గెల, తగ్గితే ధర తెగ్గోసేవాడు. మచ్చ పడిందనో, రంగు తిరిగిందనో పక్కన పడేస్తే ఆ రోజు కష్టం రేవులోనే కుళ్ళేది. ఎనిమిది అత్తాల గెల భుజాన పెట్టుకుని వరసలో నిలబడ్డ మనిషితో నీ నవల మొదలెట్టి చూడు. తన వంతు వచ్చేలోపు వాడు ఎనిమిదిని తొమ్మిదిగా ఎలా చూపించాలా అని ఆలోచిస్తుంటాడు. జనరల్ ఆ రేవుకి వచ్చేదీ రానిదీ తర్వాత సంగతి.

ఇంకొకటి. మీ నాన్నగారి అమృతపాణి తోట ఎండిపోయినప్పుడు వ్యవసాయాఫీసు వాళ్ళు చెప్పిన పేరు గుర్తుందా? పనామా తెగులు. అక్కడ గ్రో మిషెల్ అనే రకాన్ని తుడిచిపెట్టేసి, 1960లకల్లా కంపెనీలన్నిటినీ కావెండిష్ అనే ఇంకో రకానికి మళ్ళించింది ఆ తెగులే. ఊహాదేశం ఊహాదేశం అంటావు, ఆ ఖండంలోని ఒక దేశం పేరు మీ ఇంట్లో అందరి నోళ్ళలోనూ నలిగింది.

కాగితం మీద దేశాన్ని కట్టడం ఎంత సులువో తెలియాలంటే పొయాయిస్ కథ చదువు. గ్రెగర్ మెక్‌గ్రెగర్ అనే స్కాట్లండు సైనికుడు 1820ల మొదట్లో, ఇప్పటి హోండురాస్ దగ్గర మస్కిటో కోస్తాలో పొయాయిస్ అనే దేశముందనీ, తానే దానికి ఏలికననీ లండన్‌లో చాటాడు. జెండా చేయించాడు, నోట్లు అచ్చేయించాడు, భూమి పట్టాలమ్మాడు. 1822లో ఆ లేని దేశం పేరున రెండు లక్షల పౌన్ల రుణపత్రాలు విడుదలయ్యాయి. వాతావరణం, పంటలు, రాజధాని వర్ణిస్తూ 350 పేజీలకు పైగా పుస్తకం కూడా వచ్చింది. నమ్మి 250 మంది దాకా రెండు ఓడల్లో వెళ్ళారు. పొయాయిస్ యువరాణికి చెప్పులు కుట్టే ఉద్యోగం ఖాయమని నమ్మి బయల్దేరిన చర్మకారుడు ఒకడున్నాడు వాళ్ళలో. దిగి చూస్తే అడవి. జ్వరాలతో సగానికి పైగా పోయారు. మెక్‌గ్రెగర్ మాత్రం 1845లో కరకాస్‌లో మంచం మీద కన్నుమూశాడు.

నీ నవల చదివి ఎవరూ ఓడెక్కరులే. కానీ ఆ 350 పేజీల్లో లోటేంటో ఆలోచించు. నేల సారవంతం, నీళ్ళు తీపి, మనుషులు స్నేహశీలురు. ఎక్కడా ఒక్క చికాకు లేదు. వానలో కారే కప్పు లేదు. నీ సాన్ కొరాల్‌లో బీచి వర్ణన ఉన్న 12వ పేజీ అచ్చం అలాగే ఉంది. ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాను, క్షమించు.

మరి చూడని దేశాన్ని రాయకూడదా? ఎందుకు రాయకూడదు. జోసెఫ్ కాన్రాడ్ దక్షిణ అమెరికా గట్టు మీద అడుగుపెట్టింది కుర్రతనంలో, నావికుడిగా, అదీ కొద్దిసేపే. దాని మీద కోస్టగ్వానా అనే దేశం లేపి 1904లో 'నోస్ట్రోమో' రాశాడు. పరాగ్వే గురించీ వెనిజులా గురించీ యాత్రికులు రాసిన పుస్తకాలు నమిలి మింగాడు. ఆయన రాస్తుండగానే, 1903 నవంబరులో పనామా కొలంబియా నుంచి విడిపోయింది. నవల్లోనూ వెండిగని ఉన్న రాష్ట్రం విడిపోతుంది. ఆ గని లేకపోతే నవలే లేదు. ప్రతి పాత్రా ఆ వెండికి ఎంత దూరంలో నిలబడిందో నువ్వు కొలవచ్చు. నాకు బాగా నచ్చింది ఆయన చేసిన కొంటెపని. తర్వాతెప్పుడో ముందుమాట రాస్తూ, కోస్టగ్వానా చరిత్రకి తనకి ఆధారం దోన్ హోసే అవెయానోస్ రాసిన 'యాభయ్యేళ్ళ దుష్పాలన' చరిత్రేనని గంభీరంగా చెప్పుకున్నాడు. ఆ అవెయానోస్ ఎవరనుకున్నావు? ఆ నవల్లో పాత్రే! పైగా ఆ చరిత్ర పుటలు అల్లర్లలో తుపాకుల్లో కూరడానికి ఖర్చయిపోయినట్టు నవల్లోనే ఉంది. నువ్వూ సాన్ కొరాల్ చరిత్ర ఓ 30 పేజీలు రాసుకో. రాసి, నవల్లోకి రానివ్వకుండా బీరువాలో పెట్టు.

భాష సంగతి. ఇది నిన్ను నొప్పించొచ్చు. మీ రేవు కూలీ పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడుతున్నాడు, జనరలేమో డబ్బింగ్ సినిమా విలన్‌లా "నన్ను ఎవరూ ఆపలేరు మిత్రమా" అంటున్నాడు. ఆ "మిత్రమా"లు పదిహేడు లెక్కపెట్టాను. స్పానిష్ మాట్లాడే మనిషిని తెలుగులోకి తేవడం కష్టమే, ఒప్పుకుంటాను. స్పెయిన్ రచయిత వాయే-ఇంక్లాన్ 1926లో 'తిరానో బందేరాస్' రాసినప్పుడు ఇలాంటి చిక్కే పడ్డాడు. ఏ ఒక్క దేశమూ కాని దేశానికి ఏ దేశపు స్పానిష్ ఇవ్వాలి? మెక్సికో మాటలూ అర్జెంటీనా మాటలూ ఇంకా ఎక్కడెక్కడివో కలిపి, ఎక్కడా లేని, ఎక్కడైనా వినబడే భాష ఒకటి అల్లాడు. మనకి శ్రీకాకుళం ఉంది, పాలమూరు ఉంది, అనంతపురం ఉంది. ఏ యాస ఎవరికిస్తావో అది నీ రాజకీయమే అవుతుంది, జాగ్రత్త. కూలీకి ఒక జిల్లా యాసా జనరల్‌కి పత్రికాభాషా ఇస్తే, ఆ జిల్లా పాఠకుడు నీకు కార్డు రాయడు, నేరుగా ఫోనే చేస్తాడు.

నువ్వు గేముల మనిషివి కదా, అదీ పనికొస్తుంది. పోయిన వేసవిలో మా మనవడు ట్రోపికో ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. 2001 నుంచీ వస్తున్న ఆట అట. ద్వీపానికి నువ్వే అధ్యక్షుడివి, స్విస్ బ్యాంకులో నీకో దొంగ ఖాతా కూడా ఉంటుంది. వెటకారం బాగానే ఉంది గానీ నన్ను ఆపింది వేరే. వీధిలో పోయే ఏ మనిషి మీద నొక్కినా వాడికి పేరుంది, ఇల్లుంది, ఆకలుంది, నీ పాలన మీద ఓ అభిప్రాయముంది. "వీడెవడ్రా" అని మనవణ్ణి అరగంట విసిగించాను. నీ నవల్లో గుంపు గుంపుగానే ఉంది, ఎవడి మీద నొక్కినా ఏమీ తెరుచుకోదు. 2021లో వచ్చిన ఫార్ క్రై 6లో యారా అనే దేశముంది, క్యూబాని చూసి గీసింది. క్యాన్సరు మందు తయారయ్యే పొగాకు పంట, దాని కింద నలిగే వెట్టివాళ్ళు, పైన నియంత. అందులో వాళ్ళు క్యూబా నుంచి తీసుకున్న ఒక మాటుంది, రెసొల్వెర్. ఉన్నదాంతో ఎలాగోలా గడుపుకొచ్చెయ్యడం. ఆట తుపాకులాటే, కానీ ఆ ఒక్క మాటతో దేశానికి వంటిల్లు వచ్చింది. సాన్ కొరాల్ ఆడవాళ్ళు రోజుకి పదిసార్లు అనే మాట ఏది?

మన ఇంజనీరు గురించి కాస్త. వాడు అక్కడ దిగిన మొదటి తెలుగువాడిలా రాశావు. మద్రాసు రేవు నుంచి కూలి ఒప్పందాల మీద గయానాకి ఓడలెక్కిన వాళ్ళలో అరవవాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళందర్నీ కలిపి అక్కడ మద్రాసీలన్నారు, వాళ్ళ కాళీమాయి పూజ ఇప్పటికీ నడుస్తోంది. మీ ఇంజనీరుకి బజార్లో ఓ ముసలావిడ ఎదురై, తనకే అర్థం తెలియని ఒక తెలుగు మాట పాటలో పాడితే? ఊరికే అన్నాను, వాడుకోకపోతే మానెయ్యి.

చివరి అధ్యాయంలో జనరల్ కూలిపోయాడు, జనం నాట్యం చేశారు, మనవాడు విమానమెక్కాడు. 1976 టిన్‌టిన్ పుస్తకం ఆఖరి బొమ్మ చూడు. జనరల్ తపియోకా పోయి జనరల్ అల్కజార్ వచ్చాడు. విమానం పైనుంచి వెళ్తోంది, కింద మురికివాడ, ఇద్దరు పోలీసులు. మునుపూ అవే గుడిసెలు, అలాంటి పోలీసులే. బోర్డు మీద పేరొక్కటే మారింది. నీ విమానం ఎగిరాక నువ్వు కిందే ఉండిపో, ఓ పది పేజీలు రాయి. మర్నాడు పొద్దున్న రేవులో అత్తాలు లెక్కపెట్టేది పాతవాడో కొత్తవాడో నాకు తెలియాలి.

సంక్రాంతికి వస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. భోగి అయ్యాక ఓ రోజు రావులపాలెం వెళ్దాం. తెల్లారకుండానే బయల్దేరాలి, ఎండెక్కాక అక్కడ చూసేదేం ఉండదు. నోటుబుక్కు తెచ్చుకో, ఫోను జేబులో పెట్టుకో.

ఇట్లు,
మీ మాస్టారు