ఆ 13 ఏళ్లు సీరియల్‌లో చూపించలేదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. ‘డాక్టర్స్’ అనే కొరియన్ సీరియల్ చూసి న్యూరోసర్జన్ అవుతానంటోంది, అదీ సియోల్‌లో చదివి! ఇది చదువు మీద ఇష్టమా, హీరో మీద ఇష్టమా? టెన్షన్‌తో ఫోన్ లాక్కున్నాను. మెడిసిన్ అక్కడ మంచిదా, ఇక్కడా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఫోన్ ఇచ్చేయండి. ఈ ప్రశ్న ఏటా వస్తుంది, సీరియల్ పేరే మారుతుంది. మీ భయం సియోల్ గురించి కాదు. సీరియల్‌తో పుట్టిన కోరిక సీరియల్‌తోనే పోతే రెండేళ్ల చదువు ఏం కావాలి అని.

2016లో వచ్చిన ఆ సీరియల్ నేనూ చూశాను. హే-జంగ్, సియో-వూ అనే ఇద్దరమ్మాయిలు బడిలో ఒకే మాస్టారి మీద మనసు పడతారు. పెద్దయ్యాక ఒకే ఆసుపత్రిలో న్యూరోసర్జరీ చేస్తారు. అప్పుడూ సియో-వూ ఇష్టపడ్డ డాక్టరు హే-జంగ్‌నే ఇష్టపడతాడు. పదహారేళ్ల పిల్లకు అది నచ్చడంలో తప్పేముంది? నాకు గుచ్చుకున్నది వేరే. కథ బడి నుంచి ఒక్కసారిగా 13 ఏళ్లు దాటేస్తుంది. మనిషి డాక్టరయ్యేది ఆ ఏళ్లలోనే. కొరియాలో ఆరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, న్యూరోసర్జరీకి నాలుగేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకోవడం. రెసిడెంట్లతో వారానికి 80 గంటలకు మించి పని చేయించకూడదని అక్కడ చట్టమే తేవాల్సి వచ్చింది. మన దగ్గరా ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, సర్జరీలో పీజీ అయిన ఎంఎస్ మూడు, ఆపై న్యూరోసర్జరీలో ఎంసీహెచ్ మూడు.

సియోల్ చదువు మాత్రం నాకు మింగుడుపడదు. అక్కడ పాఠాలు ఎక్కువగా కొరియన్‌లోనే, లైసెన్స్ పరీక్షా కొరియన్‌లోనే. మన నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నిబంధనలేమో విదేశీ చదువు ఇంగ్లిష్ మీడియంలో ఉండాలంటాయి. చదివొచ్చాక ఇక్కడ ప్రాక్టీసుకు దారి దాదాపు మూసుకున్నట్టే. ఏళ్ల తరబడి ఏడాదికి 3,058 దగ్గరే ఆగిన మెడికల్ సీట్లను 2,000 పెంచుతామని 2024లో అక్కడి ప్రభుత్వం అనగానే, వేలమంది జూనియర్ డాక్టర్లు రాజీనామాలిచ్చి బయటికొచ్చారు. సీట్లు పెంచడమే అంత కష్టమైన, సొంత పిల్లలకే పోటీ ఉన్న చోటు అది. ‘కొరియాలో ఎంబీబీఎస్’ అని ఏ కన్సల్టెన్సీ వాళ్లయినా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇంకోటి అడుగుతాను, నొచ్చుకోకండి. బైపీసీలో చేర్పించేటప్పుడు అమ్మాయిని అడిగారా? మీరు డాక్టర్ని చేస్తానంటే ముచ్చట, తను అవుతానంటే అనుమానమా? ఇది న్యాయం కాదమ్మా.

కోరిక ఎలా మొదలైందన్నది పెద్ద విషయం కాదు. అమ్మమ్మ జబ్బు చూసి వచ్చినవాళ్లున్నారు, తెల్లకోటు నచ్చి వచ్చినవాళ్లూ ఉన్నారు, ఇద్దరూ మంచి డాక్టర్లే అయ్యారు. మీ అమ్మాయి హీరోని కాదు, ఒక వృత్తిని కోరుకుంది. అది మంచి సంగతి, కంగారు పడకండి.

సెలవుల్లో ఓ ఉదయం తనని మీ ఊరి ప్రభుత్వాసుపత్రి ఓపీకి తీసుకెళ్లండి. రెండు గంటలు ఆ బెంచీ మీద కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు మీరేం మాట్లాడొద్దు, తను చెప్పేది వినండి.