అడగండి: రోటరీ టాటూ మెషీన్‌కు ఏ మోటారు వేయాలి?

ప్రశ్న: నాది క్యామ్‌తో (మోటారు షాఫ్టు మీద తిరుగుతూ సూదిని పైకీ కిందికీ ఆడించే చిన్న చక్రం) నేరుగా నడిచే రోటరీ మెషీన్. గంటసేపు లైనింగ్ (బొమ్మ గీతలు వేయడం) చేస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, సూది చర్మంలోకి దిగగానే స్పీడు పడిపోతోంది. ఎస్.పి. రోడ్డులో అదే సైజు 12 వోల్టుల మోటారు దొరికితే తెచ్చి వేశాను. 8 వోల్టులకే మరీ వేగంగా కొడుతోంది. పాత క్యామ్ దాని షాఫ్టు మీద వదులుగా ఉంది కూడా. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ముందు పాత మోటారు నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. క్యామ్ తీసేసి, మల్టీమీటరును 10 యాంపుల సాకెట్‌లో వరుసగా కలిపి, 7.5 వోల్టుల దగ్గర ఒట్టి మోటారును పది నిమిషాలు తిప్పండి. కరెంటు నిలకడగా ఉండి, మోటారు చల్లగానే ఉంటే తప్పు దానిది కాదు. క్యామ్ బేరింగు పట్టేసి ఉండాలి, లేదా సూదిని లాగే రబ్బరు బ్యాండు మరీ బిగువుగా ఉండాలి. ఒట్టిగా తిరిగినప్పుడు కూడా వేడెక్కితే సప్లై తీసేసి, రెండు టెర్మినళ్ల మధ్య ఓములు చూస్తూ షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పండి. ఏదో ఒక చోట రీడింగు పూర్తిగా తెగిపోతుంటే కమ్యుటేటరో (బ్రష్షులు రాసుకునే రాగి పలకలు), వైండింగో (లోపల చుట్టిన తీగ) దెబ్బతిన్నట్టే. అప్పుడు మార్చక తప్పదు.

ఇక స్పీడు. నేరుగా నడిచే మెషీన్‌లో షాఫ్టు ఒక చుట్టు తిరిగితే సూది ఒకసారి దిగుతుంది. కాబట్టి ఆర్‌పీఎంను, అంటే నిమిషానికి తిరిగే చుట్లను, 60తో భాగిస్తే సెకనుకు ఎన్ని పోట్లో వస్తుంది. లోడు లేనప్పుడు వేగం దాదాపు వోల్టేజీని బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది. 12 వోల్టులకు 10,000 ఆర్‌పీఎం ఇచ్చే మోటారు 7.5 వోల్టులకు సుమారు 6,250 తిరుగుతుంది. అంటే సెకనుకు 104 పోట్లు. లైనింగ్‌కు ఇది చక్కగా సరిపోతుంది, లోడు పడ్డాక ఇంకాస్త తగ్గుతుంది. మీరు తెచ్చినది 12 వోల్టులకు 18,000 తిరిగే రకమైతే, 8 వోల్టులకే 12,000 ఇస్తుంది. సెకనుకు 200 పోట్లు పడితే చర్మం నలిగిపోతుంది. షాపులో వోల్టులతో పాటు లోడు లేని ఆర్‌పీఎం ఎంతో అడగండి. చెప్పలేకపోతే ఆ మోటారు వద్దు.

‘వోల్టేజీ తగ్గించుకుని వాడుకోండి’ అని షాపువాళ్లు అంటారు. ఆ మాట వినకండి. ఆ 18,000 మోటారును దాదాపు 4 వోల్టులకు దించితేనే మీకు కావలసిన వేగం వస్తుంది. వైరులో, బ్రష్షుల దగ్గర అర వోల్టు పోయిందనుకోండి, 4 వోల్టుల్లో అది ఎనిమిదో వంతు, 8 వోల్టుల్లో అయితే పదహారో వంతే. పైగా అంత వేగం కోసం చుట్టిన మోటారు అదే టార్క్ (తిప్పే బలం) ఇవ్వడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. మళ్లీ వేడి, మళ్లీ నత్తనడక. గేరు మోటారు ఇస్తామంటే అసలే తీసుకోవద్దు.

క్యామ్ వదులు విషయం తేలిగ్గా వదిలేయకండి. చిన్న మోటార్ల షాఫ్టులు 2 మి.మీ., 2.3 మి.మీ., 3 మి.మీ. ఇలా రకరకాలు. 2.3 రంధ్రం ఉన్న క్యామ్‌ను 2 మి.మీ. షాఫ్టుకు బిగిస్తే గ్రబ్ స్క్రూ (క్యామ్‌ను షాఫ్టుకు బిగించే తల లేని చిన్న స్క్రూ) దాన్ని ఒక పక్కకు లాగేస్తుంది, కేంద్రం 0.15 మి.మీ. జరుగుతుంది. స్ట్రోకు, అంటే సూది పైకీ కిందికీ కదిలే దూరం, క్యామ్ కేంద్రం నుంచి జరిగి ఉన్న దూరానికి రెట్టింపు. 3.5 మి.మీ. స్ట్రోకు కాస్తా 3.2 గానో 3.8 గానో మారిపోతుంది, మెషీన్ చేతిలో అదురుతుంది. టేపు చుట్టి సర్దకండి, సరైన రంధ్రం ఉన్న క్యామ్ కొనండి. వెర్నియర్‌తో షాఫ్టు మందం, బయటికి వచ్చిన పొడవు, మోటారు చుట్టుకొలత కాకుండా వ్యాసం, స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని షాపుకు వెళ్లండి. బిగించే స్క్రూలు పొడవైతే లోపల వైండింగును గీకేస్తాయి. క్యామ్ షాఫ్టును పక్కకు తోస్తూనే ఉంటుంది కాబట్టి బాల్ బేరింగులున్న మోటారే తీసుకోండి. బుష్ బేరింగు త్వరగా అరిగి షాఫ్టు ఊగుతుంది.

ప్రశ్న: పాత పరికరాల్లోంచి తీసిన కోర్‌లెస్ మోటారు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: వాడొచ్చు, మోటారు మీద రాసిన నంబరు చదివాకే. ఫౌల్‌హాబర్ కంపెనీ మోటారు మీద ‘2224యూ012ఎస్ఆర్’ అని ఉంటే 22 మి.మీ. వ్యాసం, 24 మి.మీ. పొడవు, 12 వోల్టుల వైండింగు అని అర్థం. అదే ‘024’ అయితే 24 వోల్టులది, మీ సప్లై మీద నీరసంగా తిరుగుతుంది. కోర్‌లెస్‌లో తిరిగే భాగానికి ఇనుము ఉండదు, అందుకే ఫుట్ స్విచ్ నొక్కగానే అందుకుంటుంది. కానీ పట్టేసినప్పుడు కరెంటు అలాగే ఇస్తే ఆ పల్చటి వైండింగు ఇట్టే కాలిపోతుంది. క్యామ్‌ను నొక్కి ఎక్కించేటప్పుడు షాఫ్టు వెనక కొనకు ఆనింపు పెట్టండి, సుత్తి తగలనివ్వకండి.

ప్రశ్న: కొత్త మోటారు వేసిన మెషీన్‌ను ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: వద్దు. 121 డిగ్రీల ఆవిరికి బేరింగుల్లో గ్రీజు, వైండింగు పూత రెండూ పాడవుతాయి. స్టీలు గ్రిప్పును విడదీసి అది ఒక్కటే పెట్టండి. మెషీన్‌కు, వైరుకు ప్రతి కస్టమర్‌కూ కొత్త కవరు తొడగండి. అది తీసేశాక క్రిమిసంహారక ద్రావణంలో తడిపిన గుడ్డతో తుడవండి. ద్రావణాన్ని నేరుగా మోటారు మీద చల్లితే బ్రష్షుల్లోకి దిగుతుంది.