మేకింగ్ చూస్తే భయం పోతుందా?

ప్రశ్న: హారర్ సినిమా బ్లూరే డిస్క్‌లో సినిమాతో పాటు వచ్చే ఎక్స్‌ట్రాలు చూడాలా? మేకింగ్ చూస్తే భయం పోదా అండీ?

జవాబు: కాస్త పోతుంది, అందుకే సినిమా చూసిన రాత్రే పెట్టకండి. 1982లో వచ్చిన డైరెక్టర్ జాన్ కార్పెంటర్ సినిమా ‘ది థింగ్’లో డాక్టర్ చేతులు పేషెంట్ ఛాతీలోకి దిగబడి పుటుక్కున తెగిపోతాయి కదా, దానికోసం నిజంగానే రెండు చేతులూ లేని మనిషిని తెచ్చి, డాక్టర్ ముఖం మాస్కు తొడిగి, మైనం ఎముకలూ రబ్బరు నరాలూ ఉన్న ఉత్తుత్తి చేతులు తగిలించారు. అది తెలిశాక నాకైతే ఇంకా ఒళ్లు జలదరించింది! సినిమా నడుస్తుంటే దాని మీద కార్పెంటర్, హీరో కర్ట్ రసెల్ కలిసి చెప్పిన కామెంటరీ మాత్రం వదలొద్దు, ఇద్దరు స్నేహితులు నవ్వుకుంటూ కబుర్లాడుకున్నట్టే ఉంటుంది. డిలీటెడ్ సీన్లంటారా, ఎందుకు తీసేశారో చాలావరకు చూడగానే తెలిసిపోతుంది.