యాప్‌లో మార్కులొస్తున్నాయి, కాగితం మీద లెక్క రావడం లేదు

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. ఈ ఏడాది నుంచి బడిలో పాఠాలన్నీ ట్యాబ్‌లోనే, హోంవర్క్ కూడా యాప్‌లోనే. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ మొన్న 3/4కి 2/5 కలపమని కాగితం ఇస్తే పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. నేనే పాతకాలం మనిషిలా ఆలోచిస్తున్నానా?
– ఓ తల్లి

జవాబు: లేదమ్మా, మీ అనుమానం సరైనదే. యాప్‌లో చాలాసార్లు నాలుగు జవాబులు ముందే కనిపిస్తుంటాయి, ఒకటి తప్పయితే ఇంకోటి నొక్కుతాడు, మూడో నాలుగో సారికి ఎలాగూ సరైనది తగులుతుంది. కాగితం మీదైతే హారాలు వేరని తనే గమనించాలి, 20 తనకే తట్టాలి, 15/20, 8/20 అని రాసుకుని 23/20 దాకా తనే రావాలి. మధ్యలో తప్పు చేస్తే ఏ వరుసలో చేశాడో టీచర్ వేలు పెట్టి చూపించగలరు. నొక్కిన జవాబులో ఆ దారి కనిపించదు, పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో ఎవరికీ తెలియదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

టీచర్ బోర్డు మీద చేత్తో రాస్తుంటే ఆ వేగం పిల్లాడి ఆలోచనకు సరిపోతుంది, స్లైడ్ మాత్రం ఒక్కసారిగా మొత్తం లెక్క చూపించేసి ముందుకెళ్లిపోతుంది.

ఇక ధ్యాస సంగతి. 15 ఏళ్ల పిల్లల చదువును అనేక దేశాల్లో పరీక్షించే పీసా సర్వే 2022లో జరిగినప్పుడు, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల సగటు చూస్తే, లెక్కల క్లాసుల్లో కొన్నిట్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల తమ ధ్యాస చెదురుతోందని దాదాపు 65 శాతం మంది చెప్పారు. పక్కవాళ్ల పరికరాలూ ధ్యాస చెడగొడుతున్నాయని చాలామంది అన్నారు, అంటే మీవాడు బుద్ధిగా ఉన్నా సరిపోదు. బడుల్లో తెరలు బాగా వాడిన స్వీడన్ కూడా 2023లో అచ్చు పుస్తకాలకు, చేతిరాతకు మళ్లీ ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది.

ట్యాబ్ అసలే వద్దని నేను అనను. గ్రహాలు తిరిగే తీరు చూపించడానికి, చూపు తక్కువైన పిల్లలకు అక్షరాలు పెద్దవి చేయడానికి అది నిజంగా మేలు చేస్తుంది.

మీరు రోజూ యాప్‌లో చేసిన వాటిలోంచి రెండు లెక్కలు తీసి నోట్‌బుక్‌లో చేయించండి, చేస్తూ చేస్తూ ఎందుకలా చేశాడో నోటితో చెప్పమనండి. మొదటి వారం విసుక్కుంటాడు, వదలకండి. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి లెక్కల టీచర్‌కు చూపించి, వారంలో కొన్ని పీరియడ్లయినా ట్యాబ్ పక్కన పెట్టించగలరేమో అడగండి.