నాలుగు గంటల దూరమా, దూరం నాలుగు గంటలా?

సందేహం: మా తమ్ముడు దుబాయ్ పోతున్నాడు. టికెట్ తీసిచ్చిన ఆఫీసువాళ్లు ఒక కాగితం మీద 'హైదరాబాద్ – దుబాయ్ ప్రయాణ దూరం: 4 గంటలు' అని అచ్చు వేసిచ్చారు. దూరం కిలోమీటర్లలో ఉండాలి, ఇది తప్పు తెలుగు అన్నాను నేను. 'గంట తొవ్వ, రెండు గంటల తొవ్వ అని మనం అంటలేమా?' అంటున్నాడు మా బాపు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

సమాధానం: మాటలో మీ బాపుది ఒప్పు, కాగితం మీద మీది.

దూరాన్ని కాలంతో చెప్పడం మనకు కొత్త కాదు. ఆమడ, కోసు లాంటి కొలతలున్నా, బండి కట్టుకుని పోయేవారికి పొద్దే లెక్క. గొంతుతో కొలిచిన మాట కూడా ఉంది కదా, కూతవేటు దూరం! ఇవాళ మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ ఎంత దూరమని అడిగితే 100 కిలోమీటర్లు అనేవారు తక్కువ. 'రెండు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ' అనేవారే ఎక్కువ. అడిగినవారికి కావలసిందీ అదే. అన్నట్టు, 'తొవ్వ'ను యాస అని తీసిపారేయకండి. కావ్యాల్లోని 'త్రోవ' అదే.

అయితే 'రెండు గంటల తొవ్వ'లో 'గంటల' అన్నది తొవ్వకు విశేషణం. 'రెండు గంటలు పట్టే' అనే అర్థం అందులోనే ఇమిడి ఉంది. 'దూరం: 4 గంటలు' అనేసరికి ఆ 'పట్టే' జారిపోతుంది, గంట కాస్తా కొలబద్ద అయి కూర్చుంటుంది.

విమానం విషయంలో ఈ కొలబద్ద అసలే నిలవదు. శంషాబాద్, దుబాయ్ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన 2,500 కిలోమీటర్ల పైచిలుకు. అది మారదు. గంటలు మాత్రం మారతాయి. చలికాలంలో అంత ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి బలంగా వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోసే గాలి. పోవడానికి నాలుగు గంటలు పడితే, రావడానికి అరగంట దాకా తగ్గవచ్చు. అలాగని దుబాయ్ మనకు దూరం, మనం దుబాయ్‌కి దగ్గర అనలేం.

ఈ తేడా మన వ్యాకరణానికి ముందే తెలుసు! దూరానికి 'మధ్య' సరిపోతుంది: 'హైదరాబాద్, దుబాయ్‌ల మధ్య దూరం'. ఊళ్ల పేర్లు తిరగేసినా అర్థం అదే. ప్రయాణానికి దిక్కుంది కాబట్టి 'నుంచి', 'కి' కావాలి: 'హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ప్రయాణం'. పేర్లు తిరగేస్తే అది తిరుగు ప్రయాణం. అడ్డగీత ఒకటి గీసి వదిలేస్తే ఈ రెండూ కలిసిపోతాయి. ఆ కాగితంలో జరిగింది అదే.

'ప్రయాణ సమయం' అని దిద్దుతారేమో, అదీ నాకు నచ్చదు. అది బయలుదేరే వేళో, పట్టే కాలమో తేలదు. 'హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ప్రయాణ వ్యవధి: సుమారు 4 గంటలు' అంటే ఏ చిక్కూ లేదు.

టికెట్ మీద వేళలు చూసి లెక్క వేసేటప్పుడు కూడా జాగ్రత్త. ఉదయం 10కి ఎక్కి 12:30కి దిగుతాడని ఉంటే, రెండున్నర గంటలే అనుకోకండి. రెండూ ఎక్కడి వేళ అక్కడిదే. దుబాయ్ గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది.