ఫోలిక్ యాసిడ్ గురించి అడిగిన మేనకోడలికి

చి. సౌ. లలితకు అత్తయ్య ఆశీర్వదించి రాయునది.

మీరిద్దరూ పిల్లల కోసం అనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో గుసగుసగా చెప్పింది. ఎంత సంతోషమో, అంత దడ కూడా పట్టుకుంది నాకు. ఉద్యోగమంతా ప్రసూతి వార్డులోనే చేసినదాన్ని కదా, ఇలాంటి కబురు వినగానే జరగకూడనివే ముందు గుర్తొస్తాయి. "మామూలు ఫోలిక్ యాసిడ్ మంచిదా, యాక్టివ్ ఫోలేట్ మంచిదా అత్తయ్యా" అని నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. దానికి జవాబు చెప్పేసి నా గోల మొదలుపెడతాను.

ఫోలేట్ అంటే ఒక బి విటమిన్, ఫోలిక్ యాసిడ్ మాత్రల కోసం తయారుచేసిన దాని రూపం. మామూలు ఫోలిక్ యాసిడ్‌ని ఒంట్లోని ఎంజైములు మార్చి, శరీరం వాడుకునే రూపంలోకి తెస్తాయి. ఆ మారిన రూపాన్నే ఎల్-మిథైల్‌ఫోలేట్ అని మాత్ర చేసి అమ్ముతున్నారు, యాక్టివ్ ఫోలేట్ అంటే అదే. ఆ ఎంజైముల్లో ఒకదాన్ని తయారుచేయించే ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. జన్యువులో తేడా ఉంటే మామూలు మాత్ర ఒంటికి పట్టదని నీ స్నేహితురాలు చెప్పిందట. నిజం కాదు. అలాంటివాళ్లలో ఆ మార్పు కాస్త మందకొడిగా జరుగుతుంది, అంతే. రోజూ వేసుకుంటే వాళ్ల రక్తంలోనూ ఫోలేట్ పెరుగుతుంది. దీనికోసం డబ్బు పోసి జన్యు పరీక్షలు చేయించుకోకు.

యాక్టివ్ రకమూ రక్తంలో ఫోలేట్‌ని బాగానే పెంచుతుంది, కాదనను. కానీ బిడ్డకు వెన్నెముక, మెదడు లోపాలు రాకుండా ఆపుతుందని తల్లులకు ఇచ్చి రుజువు చేసింది మామూలు ఫోలిక్ యాసిడ్‌తోనే. బ్రిటన్ వాళ్లు నడిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1991లో వచ్చాయి. అంతకుముందు అలాంటి లోపమున్న బిడ్డను మోసిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. అందుకే చవకదే వేసుకో అంటాను. మీ డాక్టరమ్మ యాక్టివ్ రకం రాస్తే ఆవిడతో వాదన పెట్టుకోకు, అదే వేసుకో.

అన్నట్టు, 1940లలో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి చూపించింది ఎవరి బృందమనుకున్నావు? మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఈ కథ ఎత్తుకుంటే మీ మావయ్య పేపరు అడ్డం పెట్టుకుంటారు, అందుకే నీకు చెబుతున్నా.

రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. ఊరికే ఫోలిక్ యాసిడ్ అని అడిగితే షాపువాడు 5 మిల్లీగ్రాములది చేతిలో పెడతాడు, అది పన్నెండు రెట్లకు పైనే. షుగరున్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, ముందు బిడ్డకు లోపం వచ్చినవాళ్లకు పెద్ద మోతాదు కావాలా అన్నది డాక్టరు చూసుకుంటారు. నువ్వు గుడ్డు కూడా ముట్టవు కాబట్టి బి12 పరీక్ష చేయించుకో. బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనతను ఎక్కువ ఫోలిక్ యాసిడ్ కప్పేస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. తోటకూర, గోంగూర, పెసలు బాగా తిను. తింటున్నాను కదా అని మాత్ర మానకు.

మొదలుపెట్టడం మాత్రం ఇవాళే. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం బిడ్డ కడుపున పడ్డ 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. నెల తప్పిందని అనుమానమొచ్చి కిట్ తెచ్చుకునేసరికే అందులో సగం రోజులు అయిపోతాయి. మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని మీ అత్తగారు అంటారు. సరే, ఊళ్లో చెప్పకు, నాకూ చెప్పకు. డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచకు.

నీ పెళ్లిలో వీల్‌చెయిర్‌లో కూర్చుని చదివింపులు రాసిన మన శీను గుర్తున్నాడుగా? రూపాయి తేడా లేకుండా మీ నాన్నకు లెక్క అప్పజెప్పాడు. వాడి పుట్టుక సంగతి నీకు తెలియదు. వాళ్లమ్మకు, అంటే నా తోటికోడలికి, చిన్నప్పటి నుంచీ మూర్ఛ. సంబంధం చెడిపోతుందని పుట్టింటివాళ్లు దాచారు. వక్కపొడి డబ్బా ఇచ్చి పంపారు, పైన వక్కపొడి, అడుగున వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మాత్రలు. ఒకే ఇంట్లో ఉంటూ, నర్సునై ఉండీ, నాకే తెలియలేదు. ఆసుపత్రిలో "మందులేమైనా వాడుతున్నావా అమ్మా" అని అడిగినప్పుడు పక్కనే మా అత్తగారు. "ఏం లేవండీ" అంది పాపం, ఇంకేమంటుంది? ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలయ్యేసరికి నాలుగో నెల.

శీను పుట్టాక చూస్తే, నడుం మీద నిమ్మకాయంత బుడగ. పలచటి పొర, లోపల నీరు కదలడం కనిపిస్తోంది. వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ కప్పింది నేనే. ఆపరేషన్ అయ్యింది కానీ కాళ్లలోకి బలం రాలేదు. బాలింత గదిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని డబ్బా చూపించి, "దీనివల్లేనా అక్కా?" అంది. ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ అలా గట్టిగా చెప్పలేం. ఆ మందు వాడే తల్లుల్లో నూటికి ఒకరిద్దరి బిడ్డలకు ఈ వెన్నెముక లోపం రావచ్చు, ఫోలిక్ యాసిడ్ ఆ ముప్పును తీసెయ్యగలదన్న నమ్మకమూ లేదు. గర్భానికి ముందే తెలిసుంటే డాక్టరు వేరే మందుకు మార్చి ఉండేవారేమో. పెళ్లిచూపుల్లో జీతం, నక్షత్రం అడిగి, ఇలాంటివి నోరు విప్పి చెప్పుకోనివ్వని మన పెద్దల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇది నీకు రాస్తానంటే ఆవిడే "రాయి అక్కా" అంది.

ఎందుకు రాశానో చెబుతా. నీకు మూర్ఛ లేదు, పార్శ్వనొప్పి ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు రాత్రిపూట బ్యాగులోంచి మాత్ర తీసి వేసుకుంటూ, తలనొప్పి రాకుండా రోజూ వేసుకోమన్నారన్నావు. పేరడిగితే నవ్వేసి టీవీ పెట్టావు. పిచ్చిదానా, పార్శ్వనొప్పికీ ఇదే వాల్‌ప్రోయేట్ రాస్తుంటారు. టోపిరమేట్ కూడా రాస్తారు, గర్భంలో అదీ మంచిది కాదు. నీది ఈ రెండూ కాకపోవచ్చు, అప్పుడు నన్ను తిట్టుకో. కంగారుపడి నీ అంతట నువ్వే మానెయ్యకు. ముందు ఆ న్యూరాలజిస్టు దగ్గరికి మీ ఆయన్ని వెంటపెట్టుకుని వెళ్లి, పిల్లల కోసం అనుకుంటున్నామని చెప్పు. ఏ మందు ఎప్పుడు మార్చాలో ఆయన చెప్పేదాకా గర్భం రాకుండా జాగ్రత్తలో ఉండండి. అందాకా ఫోలిక్ యాసిడ్ వేసుకుంటూనే ఉండు.

ఇది చదవగానే ఆ స్ట్రిప్ వెనక వైపు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఫ్లాష్ వేస్తే రేకు మెరిసి పేరు కనబడదు, కిటికీ దగ్గర పెట్టి తియ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య